రాణి నీళ్ల గిన్నె

నడి ఎండాకాలంలో, దాహంతో ఉన్న కుక్క ముందు నుంచి నీళ్ల గిన్నె తీసి అలమరా మీద పెట్టినవాణ్ణి నేను. తాగితే రాత్రి ఇల్లు తడుపుతుందని తీశాను. కోపంలో ఒక రాత్రి చేసిన పని కాదు. రోజూ అన్నం తిని చేయి కడుక్కున్నాక, బాగా ఆలోచించే చేస్తున్నానన్న నమ్మకంతో చేశాను. కుక్క రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఇన్ని చాలులే అని నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నాను.

మేం బాటసింగారం వచ్చింది పండ్ల మార్కెట్ వెంట. ఒక కమీషన్ ఏజెంటు దగ్గర నేను గుమస్తాను. 1980లలో హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్ నుంచి కొత్తపేటకు వచ్చిన పండ్ల వ్యాపారం, గడ్డిఅన్నారం మార్కెట్ అనే పేరుతో దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. 2021-22లో ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చి, మార్కెట్‌ను విజయవాడ హైవే మీద ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వచ్చే బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు మార్చారు. శాశ్వత మార్కెట్ కొహెడలో కడతామన్నారు. రోజూ తెల్లవారకముందే కొత్తపేట నుంచి ఇంతదూరం రావడం నావల్ల కాక ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకున్నాను. మాతో పాటు రాణి వచ్చింది. కొత్తపేటలో మామిడి ట్రేల వెనకాల దొరికిన ఊరకుక్క పిల్ల అది. గోధుమ రంగు, ఒక చెవి నిలబడితే ఒకటి వాలి ఉంటుంది.

నా పని తూకాలు రాయడం. దడ్వాయి తూకం చెబుతుంటే నేను రాసుకుంటాను, తరుగు తీస్తాను, హమాలీ ఖర్చు తీస్తాను, రైతుకు తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ, రాసిస్తాను. కొల్లాపూర్ నుంచి వచ్చిన రైతు బండిలో పది కిలోల తేడా వచ్చినా నా కంటికి దొరుకుతుంది. మా ఇంట్లో కుక్క తాగే నీళ్లు రెండింతలయ్యాయి, మూడింతలయ్యాయి. అది నా కంటికి దొరకలేదు.

అది 2023 ఎండాకాలం. ఫాల్గుణంలో రాణి ఎదకు వచ్చింది. వీధి కుక్కలు గేటు దగ్గర చేరితే కాపలా కాసి, గండం గడిచిందనుకున్నాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని టీకాకు తీసుకెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ చెబుతూనే ఉండేది. చూద్దాం మేడమ్ అని వచ్చేసేవాణ్ణి. ఆడ జీవి కడుపు కోయించడం పాపమని మా అమ్మ అనేది. ఆ మాట నా ఖర్చు మిగిల్చేది కాబట్టి నాకూ నచ్చేది.

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి రాణి గిన్నె ఎప్పుడు చూసినా ఖాళీగా ఉండేది. మా ఆవిడ నింపేది, కాసేపటికి మళ్లీ ఖాళీ. ‘ఎండలు మండుతున్నయి, తాగదా మరి?’ అన్నాను. అందరూ అదే అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు కూడా. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త పడుతుంది, అంతే. నోరు తెరిచి రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేసుకుంటేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. ఆ తడి అంతా తాగిన నీళ్ల నుంచే రావాలి. మే నెలలో హైదరాబాద్ ఎండ 42 డిగ్రీలకు చేరినప్పుడు కుక్క ఎక్కువ తాగడం సహజమే. ఆ సహజం అనే మాట వెనకే జబ్బు దాక్కుంది. చలికాలంలో అయితే బహుశా అనుమానం వచ్చేది.

తర్వాత రాత్రిళ్లు ఇల్లు తడపడం మొదలైంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఇంట్లో ఒక్క చుక్క పోయని కుక్క, ముందు వరండాలో, తర్వాత హాల్లో పోయసాగింది. పోసి, తల వంచుకుని గోడ వారన నిలబడేది. అది చేసిన తప్పు దానికి తెలుసు, కావాలనే చేస్తోంది అని నేను అనుకున్నాను. ఆపుకోలేక పోస్తోందన్న ఆలోచన రాలేదు. మామిడి సీజన్‌లో లారీలు రాత్రంతా దిగుతుంటాయి. వేలంపాటకు తెల్లవారకముందే కొట్లో ఉండాలి. ఉన్న కాస్త నిద్రలో లేచి నేల తుడవాల్సి వస్తే మనిషికి విసుగు వస్తుంది. ఆ విసుగులో ఉండగా పక్క కొట్టు గుమస్తా, వాళ్లింట్లో కుక్కపిల్లకు పొద్దుగూకితే నీళ్లు పెట్టరనీ, అందుకే రాత్రి తడపదనీ చెప్పాడు. అలవాటు చేసే వయసులో ఉన్న పిల్లకు పడుకోబోయే ముందు కాసేపు ఆపడం సంగతి ఆయన చెప్పింది. దాన్ని ఆరేళ్ల కుక్కకు, ఏప్రిల్ ఎండల్లో, సాయంత్రం నుంచి తెల్లవారే దాకా నేను వర్తింపజేశాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు. ‘మూగజీవం, నీళ్లు లేకుంట ఎట్లుంటదయ్యా?’ అంది. ‘పండుకున్నంక దాహమేంది?’ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందని ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు, కానీ రాయాలి.

రాణి ఏం చేసిందో కూడా రాయాలి. అలమరా కింద కూర్చుని పైకి చూసేది. గిన్నె అక్కడుందని దానికి తెలుసు. మంచినీళ్ల రంజన్ కింద ఊరిన తడిని నాకేది. గిన్నెలు కడిగే చోట నేల నాకేది. ఒక రాత్రి చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే, స్నానాల గదిలో బట్టలు నానబెట్టిన బకెట్‌లోంచి సబ్బు నీళ్లు తాగుతోంది. సబ్బు నీళ్లు తాగేంత దాహం ఏమిటని ఆ క్షణం నేను ఆగి ఆలోచించి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు. నేను దాన్ని బయటికి లాగి, స్నానాల గది తలుపు గొళ్లెం పెట్టాను. గిన్నె తీసినందుకంటే ఆ గొళ్లెం పెట్టినందుకు నాకు ఎక్కువ బాధ. గిన్నె తీసినప్పుడు నాకు తెలియదు. గొళ్లెం పెట్టేటప్పుడు నా కళ్ల ముందే సాక్ష్యం ఉంది.

కొన్నాళ్లకు తిండి మానేసింది. వెనక భాగాన్ని మాటిమాటికీ నాక్కునేది. కక్కింది. పొట్ట ఉబ్బినట్టు కనబడింది. అప్పుడు వనస్థలిపురం వైపు, ఎప్పుడూ టీకాలు వేయించే డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాం. ఆమె రాణి మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలింది. వెంటనే దిగాల్సిన చర్మం గుడారంలా నిలబడి మెల్లగా దిగింది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో తాకింది. తడిగా, జారుడుగా ఉండాల్సిన చిగురు వేలికి అంటుకుంటోంది. చిగురును నొక్కి వదిలి, తెల్లబడిన చోట ఎంతసేపటికి ఎర్రదనం వస్తుందో చూసింది. రెండు సెకన్ల లోపు రావాలట, ఆలస్యమైంది.

‘నీళ్లు ఎన్ని తాగుతోంది సార్?’ అని అడిగింది.

‘బాగానే తాగుతది మేడమ్.’

‘బాగానే అంటే? లీటరా, రెండు లీటర్లా?’

నా దగ్గర జవాబు లేదు.

‘మీరేమైనా నీళ్లు తగ్గించారా?’

‘లేదు మేడమ్’ అన్నాను.

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో ఎన్నోసార్లు తరచి చూసుకున్నాను. సిగ్గు, అంతకు మించి ఏమీ లేదు. పక్కనే నిలబడిన మా ఆవిడ నా వైపు చూసి, నా పరువు కోసం నోరు మెదపలేదు. స్కానింగ్‌లో రాణి గర్భసంచి చీముతో నిండి ఉందని తేలింది. పయోమెట్రా అంటారు. రక్తపరీక్షలో యూరియా, క్రియాటినిన్ పెరిగి ఉన్నాయి. డాక్టరమ్మ ఆ కాగితం చూస్తూ మళ్లీ అడిగింది. కిడ్నీలే దెబ్బతిన్నాయా, లేక ఒంట్లో నీరు లేక ఈ అంకెలు పెరిగాయా అన్నది తెలియాలి, సెలైన్ ఎంత, ఎంత వేగంతో ఎక్కించాలో, మత్తు ఎప్పుడు ఇవ్వాలో దాని మీద ఆధారపడి ఉంటుంది అంది. అప్పుడు చెప్పాను. రాత్రిళ్లు గిన్నె తీసేస్తున్నానని, స్నానాల గదికి గొళ్లెం పెట్టానని, అన్నీ చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కాగితం మీద రాసుకుని సెలైన్ పెట్టించింది. ఒంట్లోకి నీరు చేరి కాస్త కుదుటపడ్డాక గర్భసంచి, అండాశయాలు తీసేసింది. రాణి బతికింది.

నా అజ్ఞానం ఎక్కడుందో ఆపరేషన్ తర్వాత ఆమె విడమరిచి చెబితేనే తెలిసింది. కుక్క ఎద ముగిశాక, గర్భం నిలిచినా నిలవకపోయినా, దాదాపు రెండు నెలల పాటు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ముఖద్వారం మూసుకుంటుంది. ఎద సమయంలో లోపలికి చేరిన ఈ.కొలై లాంటి బ్యాక్టీరియా అక్కడ పెరిగి చీము పడుతుంది. ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎక్కువగా బయటపడుతుంది. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల లెక్కలు తీస్తే, ఆపరేషన్ చేయని ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒకటి పదేళ్లు నిండేలోపు ఈ జబ్బు పాలైందట. మేం పాపమని మానేసిన ఆపరేషన్ ముందే చేయించి ఉంటే ఈ జబ్బు ఊసే ఉండేది కాదు.

ఈ బ్యాక్టీరియా విషం కిడ్నీల మీద పనిచేస్తుంది. మూత్రాన్ని చిక్కబరిచి నీటిని ఒంట్లోనే నిలుపుకోమని మెదడు నుంచి కిడ్నీలకు ఒక హార్మోన్ కబురు వస్తుంది. విషం వల్ల ఆ కబురు కిడ్నీలకు వినబడదు. నీరు నీరుగానే బయటికి పోతుంది. పోయిన నీటిని పూడ్చుకోవడానికి కుక్క తాగుతుంది. రాణి ఎక్కువ తాగుతోంది కాబట్టి ఎక్కువ పోస్తోందని నేను అనుకున్నాను. నిజానికి ఎక్కువ పోతోంది కాబట్టి ఎక్కువ తాగుతోంది. జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు రాసి లెక్క సరిచేశాననుకున్న గుమస్తా ఎలాంటివాడో నేను అలాంటివాణ్ణి. గిన్నె తీసేస్తే పోవడం ఆగలేదు, రావడం ఒక్కటే ఆగింది. మధుమేహంలోనూ, కిడ్నీ జబ్బులోనూ, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బులోనూ ఇదే వరస. కుక్క తాగుడు పెరగడం వీటన్నిటిలోనూ తొలి గుర్తుల్లో ఒకటి. ఆ గుర్తును ఇంట్లో వాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేరు. మనం గిన్నె దాస్తే ఆ గుర్తు కూడా మాయమవుతుంది.

మరి ఎన్ని నీళ్లు తాగాలి? ఆరోగ్యంగా ఉన్న కుక్కకు, తిండిలో ఉన్న నీటిని కూడా కలుపుకొని, బరువులో కిలోకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. రాణి 18 కిలోలు, అంటే 900 మిల్లీలీటర్ల నుంచి లీటరుకు కాస్త పైన. ఎండలో, పరుగులు తీసే రోజున, పాలిచ్చే కాలంలో ఇంకా ఎక్కువ. కానీ కిలోకు 100 మిల్లీలీటర్లు దాటిందంటే, రాణి విషయంలో 1,800 దాటిందంటే, దానికి కారణం వెతకాలి. దురదకు వాడే స్టెరాయిడ్ మాత్రలు, ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్ కూడా దాహం పెంచుతాయి, కాబట్టి ఏ మందులు వేస్తున్నామో డాక్టరుకు చెప్పాలి. ఏం తింటోందో చూడాలి. పెరుగన్నంలో ముప్పాతిక వంతుకు దగ్గరగా నీళ్లే ఉంటాయి. సంచుల్లో అమ్మే ఎండు గింజల్లో పదో వంతు ఉంటాయేమో. పెరుగన్నం తినే కుక్కను గింజలకు మారిస్తే అది గిన్నె దగ్గరికి ఎక్కువసార్లు పోతుంది, అది జబ్బు కాదు. అందుకే నాకు ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన అంకె పుస్తకంలోది కాదు, రాణి మామూలు రోజుల్లో తాగే అంకె. అది తెలిస్తేనే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది.

కొలవడం కష్టమేమీ కాదు. పొద్దున లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోస్తాను, మధ్యలో పోసినవన్నీ రాసుకుంటాను, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలిచి తీసేస్తాను. ఎండాకాలంలో ఆవిరయ్యేది కూడా తక్కువేం కాదు. అలాంటిదే ఇంకో గిన్నె రాణికి అందని చోట పెట్టి, అందులో తగ్గినంతా తరుగు కింద తీసేస్తాను. కుక్క తాగేటప్పుడు చిందేది కూడా ఉంటుంది. నాలుకను గరిటెలా వెనక్కి వంచి నీళ్లు తోడుకుంటుందని అనుకునేవాణ్ణి. 2015లో అమెరికాలో వర్జీనియా టెక్ పరిశోధకులు కెమెరాలు పెట్టి చూశారు. నాలుకను నీటి మీది నుంచి చాలా వేగంగా పైకి లాగితే దాని వెంట నీరు నిలువుగా లేస్తుందట, కుక్క నోరు మూసి ఆ నీటిని పట్టుకుంటుందట. గరిటెలో నిలిచింది చాలావరకు కిందే పడిపోతుంది. అందుకని గిన్నె కింద ఒక పళ్లెం పెట్టి, పళ్లెంలో చేరింది కూడా కొలిచి తీసేస్తాను.

ఈ సంగతులు తెలిశాక మార్కెట్లో నా కళ్లు వేరే చోట్లకు పోసాగాయి. అంతా కాంక్రీటు, ఇనుప రేకులు. మధ్యాహ్నం అయ్యేసరికి మార్కెట్ కుక్కలన్నీ లారీల కింద నీడకు చేరతాయి. అక్కడ ఇంజిన్ల నుంచి కారిన నీటి మడుగులుంటాయి. రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది, కాస్త తాగినా కుక్క కిడ్నీలను చంపేస్తుంది. మురుగు మడుగుల్లో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్. దాహం తీరే మంచి నీళ్లు దగ్గర్లో ఉంటే ఏ కుక్కా వాటి జోలికి పోదని నేను పూచీ పడలేను, కానీ పోవాల్సిన అవసరం మాత్రం తగ్గుతుంది. మా కొట్టు పక్కన పాత సిమెంటు గోలెం ఒకటి పెట్టించాను. హమాలీలు వంతులవారీగా నింపుతారు. వారానికి ఒకసారైనా ఖాళీ చేసి లోపలి అంచులు పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు. ఆ పని నేనే చేస్తాను.

గోలెం దగ్గర ఒకసారి వచ్చిన ఒక మాట మీకూ చెప్పాలి. ఒక హమాలీ తమ్ముణ్ణి ఎవరిదో తెలియని కుక్క కరిచింది. ‘అది నీళ్లు తాగుతుంది సార్, పిచ్చి లేదు’ అన్నాడు. నీళ్లంటే భయం మనిషికి రేబిస్ వచ్చినప్పుడు కనబడేది. కుక్కలో అలా ఉండాలని లేదు. గొంతు పడిపోయి మింగలేకపోవచ్చు గానీ, నీళ్ల దగ్గరికి రావచ్చు, మూతి ముంచవచ్చు. కుక్క నీళ్లు తాగిందని మనిషికి టీకా మానేయకూడదు. గాయం సబ్బు పెట్టి నల్లా నీళ్ల కింద పావుగంట కడిగించి, ఆ అబ్బాయిని అప్పుడే ఆసుపత్రికి పంపించాను. నా తెలివితక్కువతనానికి రాణి మూల్యం చెల్లించింది, అతని తెలివితక్కువతనానికి అతని తమ్ముడు చెల్లించకూడదనిపించింది.

ఆపరేషన్ అయ్యాక రాణి తాగుడు కొన్ని వారాల్లో మామూలుకు దిగింది. రాత్రిళ్లు ఇల్లు తడపడం దానంతటదే ఆగిపోయింది. ఆపడానికి మేం చేసిందేమీ లేదు. క్రియాటినిన్ కూడా దిగింది. అది దిగినంత మాత్రాన కిడ్నీలు మునుపటిలా ఉన్నాయని చెప్పలేమని డాక్టరమ్మ అంది. కిడ్నీలో పనిచేసే భాగం నాలుగింట మూడు వంతులు పోయేదాకా ఆ అంకె పెరగదట. మూత్రం పలచబడటం అంతకంటే ముందే, మూడింట రెండు వంతులు పోయేసరికే కనబడుతుందట. ఆ దాహపు రాత్రులు దాని కిడ్నీలను ఎంత తిన్నాయో నాకు ఎవరూ చెప్పలేరు. అడగడం మానేశాను. రాసుకోవడం మానలేదు.

రాణి ఇప్పుడు ముసలిదైంది, మూతి చుట్టూ నెరిసింది. రాత్రి ఇంట్లో రెండు గిన్నెలుంటాయి, ఒకటి హాల్లో, ఒకటి దాని పడక దగ్గర. స్నానాల గది గొళ్లెం ఊడదీసి పారేశాను. ఈ వారం నా చిట్టాలో దాని నీళ్ల అంకె కాస్త పైకి జరిగింది. కిలోకు 100 దాటలేదు, ఎండలూ ముదరలేదు, తిండీ మారలేదు. అయినా పెరిగింది. మా ఆవిడకు చూపించాను. ‘రేపే పోదాం’ అంది. తెల్లవారి పోసే మొదటి మూత్రం పట్టడానికి ఒక శుభ్రమైన గరిటె, మూత ఉన్న సీసా గేటు దగ్గర పెట్టాం. మూత్రం చిక్కదనం ఆరోగ్యంగా ఉన్న కుక్కలో 1.030కి పైన ఉండాలి. 1.010 దగ్గర ఆగిపోతే కిడ్నీ తన పని చేయడం లేదన్నట్టు. రేపు వేలంపాటకు ఆలస్యంగా వస్తానని సేఠ్‌కు ఫోన్ చేసి చెప్పాను.